తప్పుల్లేని పాఠం

“తిమింగలం అన్నిటికన్నా పెద్ద చేప.”

నల్లబల్ల మీద తెల్లగా మెరుస్తున్న ఆ వాక్యం ముందు ఇన్‌స్పెక్టరు ఉర్కీది ఆగిపోయాడు. ఒరూరో పట్టణం నుంచి చలిలో, దుమ్ములో జీపు ప్రయాణం చేసి వచ్చిన విసుగంతా ఆయన గొంతులోకి చేరింది.

“ఇదేంటి టీచర్? తిమింగలం చేపా?”

“కాదు సార్,” అన్నది యుసేబియా నెమ్మదిగా. “కావాలనే రాశాను. పాఠంలో తప్పు కలుపుతాను. పిల్లలే వెతికి పట్టుకుంటారు. తాము దిద్దుకున్నది ఎక్కువ కాలం గుర్తుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.”

“బావుంది! విషం మీరు పొయ్యండి, విరుగుడు వాళ్ళు వెతుక్కుంటారు. ఒరూరోలో కూర్చున్న మాకు తెలియని పరిశోధనలా?” ఆయన సంచిలోంచి ఒక కాగితం తీశాడు. “మిమ్మల్ని ఈ బడి నుంచి తప్పించమని రాశాను. సంతకమే మిగిలింది. ముందు, తప్పుల్లేని పాఠం ఎలా ఉంటుందో చూసి నేర్చుకోండి.”

యుసేబియా శాలువా బిగించుకుని కిటికీ పక్కన నిలబడింది. ఆయన కోసం గ్లాసులో తెచ్చిన వేడి మొక్కజొన్న జావ, ఆపీ, బల్ల మీదే చల్లారింది.

ఉర్కీది గొంతు గంభీరం, ధోరణి ధారాళం. బంగాళాదుంప మట్టిలో ఊరుతుంది గనుక అది వేరన్నాడు. టమాటా కూరగాయే తప్ప పండు కాదన్నాడు. పుట్టగొడుగు పువ్వు పూయని మొక్క అన్నాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఇంత శ్రద్ధను ఆయన ఏ బడిలోనూ చూసి ఎరుగడు.

“చూశారా టీచర్?”

గంట మోగింది. చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

“బంగాళాదుంప కాండం సార్!” అన్నది ముందు బల్ల దెల్ఫీనా. “దానికి కళ్ళుంటాయి, మొలకలొస్తాయి. వేరుకి కళ్ళెక్కడివి?”

“టమాటా పండే! లోపల గింజలున్నాయిగా!” అన్నాడు వెనకనుంచి ఒకడు.

“పుట్టగొడుగు శిలీంధ్రం. భలే దాచారు సార్, కొంచెంలో మోసపోయేవాణ్ణి!” అన్నాడు ఇంకొకడు.

ఇన్‌స్పెక్టరు యుసేబియాను చూశాడు. యుసేబియా కిటికీలోంచి బయట మేస్తున్న లామాలను చూసింది.

“అవును,” అన్నాడాయన చివరికి, చేతుల సుద్దపొడి దులుపుకుంటూ. “కావాలనే... పెట్టాను.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన కాగితాన్ని మడతలు పెట్టి జేబులోకి తోశాడు.

“పద్ధతి ఫరవాలేదు టీచర్. కానివ్వండి.”

యుసేబియా ఊపిరి పీల్చుకునేలోగా దెల్ఫీనా ఆమె శాలువా అంచు పట్టి లాగింది.

“టీచర్, మీ బదులు ఈ సారే ఉండిపోకూడదా? మీరు రోజుకి ఒక్క తప్పే చేస్తారు!”