మూడక్షరాల పేరు

“పీకి పారెయ్ గురూ! బ్యాటరీ కారుతోందంటే ముందు కత్తెర, తర్వాతే ఆలోచన. మన పనిలో మొదటి సూత్రం అదే కదా!”

టార్చి పట్టుకున్న స్నేహితుడి సణుగుడు అది. గాజు కింద ఇనప గోళీని దొర్లించి స్కోరు కొట్టే పాత పిన్‌బాల్ మిషన్లు తెచ్చి బాగుచేసుకునే పిచ్చి ఇద్దరిదీ. ఒకచోట కుదురుగా నిలబడలేడని అతన్నందరూ స్ప్రింగు అంటారు. కత్తెర పట్టుకుని మిషన్ ముందు నిలబడ్డ ఈయన్ని డాక్టరు బరువులెత్తొద్దన్నాడని, మిషన్‌ను లోపలికి తోసింది కూడా అతనే.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. స్టూలు మీద కూలబడ్డాడు. మూడు వారాలుగా ఇదే పని. గంటలు మోగుతున్నాయి, గాజు మీద బొమ్మలకు రంగు తేలింది. మిగిలింది వెనక పెట్టెలోని బోర్డు. దాని మీద మూడు బ్యాటరీలు పచ్చగా పొంగి ఉన్నాయి. ఆ రసం ఇంకో అంగుళం పాకితే బోర్డు చచ్చినట్టే. బ్యాటరీలు తీస్తేనేమో, మిషన్ దాచుకున్న స్కోర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఆ స్కోర్ల పట్టికలో మొదటి స్థానంలో ఉన్న మూడక్షరాల పేరు ఒకావిడ కొడుకుది. రెండేళ్ల కిందట పోయాడు. ఆవిడ మిషన్‌ను ఊరికే ఇచ్చేసింది. “వాడి పేరు మాత్రం చెరపకు బాబూ” అంది. ఇవాళ చూడటానికి వస్తానంది.

“పోతే పోయింది. మనమే ఆడి, అదే పేరు ఎక్కిద్దాం. ఆవిడకేం తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుందిగా.”

“ముక్కూమొహం తెలియని కుర్రాడి కోసం ఏం తాపత్రయం నాయనా! సరే, ముందు మాత్ర వేసుకో. తోటకూర కాడలా వేలాడిపోతున్నావ్.”

మాత్ర మింగి లేచాడు. కొత్త బ్యాటరీల తీగలు పాతవాటి పక్కన అతికించి, ఆ తర్వాతే పాతవి కోయాలి. వేడి చుక్క పక్కకి జారిందా, పేరు గల్లంతు.

సీసం కరిగించే సోల్డరింగ్ కడ్డీ అందుకున్నాడు. అంతసేపూ స్ప్రింగు టార్చి కదపలేదు. అదతనికి ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

ఒక తీగ. రెండో తీగ. కత్తెర.

గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఆవిడ వచ్చేసింది. గోడకానుకుని నిలబడింది.

ఆయన కళ్లు మూసుకుని స్విచ్ వేశాడు. అంకెలు గిర్రున తిరిగాయి. దీపాలన్నీ ఒక్కసారి ఆరి, మళ్లీ వెలిగాయి.

“ఉంది గురూ!” అని గంతేశాడు స్ప్రింగు. “చూడండమ్మా, మీవాణ్ని కొట్టేవాడు ఇంకా పుట్టలేదు!”

ఆవిడ ఆ మూడక్షరాల వంక చాలాసేపు చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“అడగొచ్చో లేదో బాబూ...”

“రండమ్మా” అన్నాడాయన.

ఆవిడ మిషన్‌ను దాటి వచ్చి, ఆయన ఛాతీకి చెవి ఆనించి, రెండేళ్ల తర్వాత తన కొడుకు గుండె చప్పుడు వింది.