ఫోను దొంగ వినే పాటలు

ఫ్లోరెన్స్ తన ఫోన్‌ను తనే దొంగిలించింది. సిమ్ తీసేసి, పెరటి గదిలో జీడిపిక్కల బస్తాల వెనక దాచి, పలాస బస్సులో ఎవరో కొట్టేశారని ఇంట్లో చెప్పింది.

కారణం మేనత్త కొడుకు రవికుమార్. పూండిలో వాళ్ల పక్క వీధిలోనే ఉంటూ, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. చర్చిలో ఎదురైతే పలకరించడానికి కూడా సిగ్గు. అతని నోరు పెగలకముందే సోంపేట సంబంధం వాళ్లు చూపులకు వస్తామని కబురు పెట్టారు. బావను ఇంటికి రప్పించడానికి ఆమెకు ఇంకో దారి తోచలేదు.

రవికుమార్ ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. ఆమె పాటల యాప్ పాస్‌వర్డ్ అడిగాడు. ఆ యాప్ కంపెనీతో సంబంధం లేకుండా బయటివాళ్లెవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఒకటుందని, దాన్ని వాడి చిన్న ప్రోగ్రాం రాస్తే దొంగ ఏ పాట వింటున్నాడో ఇక్కడే కనిపిస్తుందని మావకు, అంటే ఫ్లోరెన్స్ నాన్న దేవదానానికి వివరించాడు.

ఫ్లోరెన్స్‌కు ప్రాణం లేచొచ్చింది. అప్పటి నుంచి పెరటి గదిలో దూరి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, బావ కోసం మరదలు ఎదురుచూసే పాటలే వెతికి వెతికి విన్నది.

రవికుమార్ రోజూ సాయంత్రం వచ్చి, అత్త ఇచ్చిన టీ తాగుతూ ఆ పాటల పేర్లు గంభీరంగా చదివేవాడు. దొంగ బ్యాండుమేళం వాడై ఉంటాడన్నాడు ఒకరోజు. పెళ్లాం పుట్టింటికి పోయిన మనిషేమో పాపం, అన్నాడు ఇంకోరోజు. ఫ్లోరెన్స్‌కు తల బాదుకోవాలనిపించేది.

ఒక ఉదయం దేవదానం ఉతికిన చొక్కా వేసుకుని, ఇక లాభం లేదు, పోలీసులకు చెప్పేస్తానని బయల్దేరాడు. లేని దొంగ మీద ఫిర్యాదు ఇస్తే నాన్న పరువేం కాను? ఫ్లోరెన్స్ చెప్పులైనా వేసుకోకుండా బావ ఇంటికి పరుగెత్తింది.

"బావా, ఆ దొంగని నానే. నాన్న స్టేషన్‌కి ఎల్తన్నాడు, ఆపు."

రవికుమార్ కుర్చీలోంచి లేవలేదు. నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఆ ఫోను మీ ఇంటి నెట్టు మీదే ఉందని మొదటిరోజే సూసినాను."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే రోజూ మీ ఇంటికి ఎలాగొత్తాను? నిన్న మావకి మాత్రం అంతా సెప్పీసినాను. మావ ఎల్లింది స్టేషన్‌కి కాదు, మన పెళ్లికి తేదీ అడగడానికి పాస్టరుగారి దగ్గరికి."