ప్యాకింగ్ గది క్లైవ్

“లినెట్ వస్తోందిరా!” ట్రెవర్ ఫోన్ పైకెత్తి అందరికీ చూపించాడు. “మన ముందు గది లినెట్! నలభై ఏళ్లకి దొరికింది. కింద కారు పెడుతోందిట.”

పబ్బు మేడమీది గదిలో ఉన్న ఎనిమిదిమందీ కేకలు వేశారు. క్లైవ్ కూడా చప్పట్లు కొట్టాడు. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

లివర్‌పూల్‌లో ఒక కార్పెట్ల దుకాణం మీద, మూడు గదుల్లో నడిచిన కంపెనీ టిన్ పెలికన్. ఇంటి కంప్యూటర్ల కోసం ఆటలు తయారుచేసి కేసెట్లలో ఎక్కించి అమ్మేది. 1986లో మూతబడింది. అక్కడ పనిచేసినవాళ్లు ఏటా అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఇక్కడ కలుస్తారు. ఆట పూర్తికాక బల్లల కింద నిద్రపోయిన రోజులు, గళ్ల కాగితం మీద పెన్సిలుతో బొమ్మలు గీసిన రోజులు, ఆటలో రాక్షసుణ్ని దాటే దారి చెప్పమని ఫోన్ చేసి ఏడ్చే బడిపిల్లలు. అవే కబుర్లు, ప్రతి ఏడూ. ఏడేళ్లుగా క్లైవ్ కూడా వస్తున్నాడు. ఏ ఆట ఏ నెలలో విడుదలైందో అందరికంటే అతనికే బాగా గుర్తు.

కానీ క్లైవ్ ఒక్కరోజు కూడా అక్కడ పనిచేయలేదు.

ఆ రోజుల్లో అతనిది రెండు వీధుల అవతల బిస్కెట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. మధ్యాహ్నం విరామంలో వచ్చి, రోడ్డుకి ఇవతల నిలబడి ఆ మేడ కిటికీలకేసి చూసేవాడు. లోపల తన వయసువాళ్లే, పొడుగు జుట్లతో, తెరల ముందు కూర్చుని నవ్వుకుంటూ ఉండేవారు. ఒకరోజు ధైర్యం చేసి మెట్లెక్కి, ఉద్యోగానికి దరఖాస్తు ఇచ్చాడు. ముందు గదిలో అమ్మాయి అందుకుని, “ఉత్తరం రాస్తాంలెండి” అంది. ఉత్తరం రాలేదు.

ఆ అమ్మాయే లినెట్.

ఏడేళ్ల కిందట, భార్య పోయిన కొత్తలో, క్లైవ్ ఈ పబ్బులో ఒంటరిగా భోంచేస్తుంటే పైనుంచి వీళ్ల నవ్వులు వినిపించాయి. టిన్ పెలికన్ పేరు చెవిన పడింది. ఊరికే చూసొద్దామని ఎక్కాడు. “ఒరేయ్, నువ్వు ప్యాకింగ్ గదిలో ఉండేవాడివి కదూ?” అన్నాడు ట్రెవర్. క్లైవ్ తలూపాడు. అంతే. ఆ తర్వాత అతనికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నెలరోజులు వంతులేసుకుని సూప్ తెచ్చిపెట్టింది వీళ్లే. వీళ్లు తప్ప అతనికి మరెవరూ లేరు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. క్లైవ్ కోటు అందుకున్నాడు.

“ఎక్కడికిరా?” ట్రెవర్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. “భోజనం ఇంకా చెయ్యలేదు, అప్పుడే పారిపోతున్నాడు చూడండర్రా!”

తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, మెడకి ఎర్ర మఫ్లరు. ఆ పెద్ద పెద్ద కళ్లు మాత్రం అవే. అందరూ చుట్టుముట్టి కావిలించుకున్నారు. ఆమె సరిగ్గా క్లైవ్ ఎదుటి కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్లోంచి దించలేదు.

“లినెట్టూ, నీకో పరీక్ష” అన్నాడు ట్రెవర్. “మన గుమ్మం తొక్కిన ప్రతి మొహమూ నీకు కంఠతా వచ్చేది కదా. మన ప్యాకింగ్ గది క్లైవ్ గుర్తున్నాడా?”

ఆమె క్లైవ్‌ని చూసింది. చాలాసేపు చూసింది. అతను గ్లాసు బల్లమీద పెట్టబోతే అంచు ప్లేటుకి తగిలి ఠంగుమంది. ఇప్పుడు చెప్పేస్తుంది. ఈ మనిషెవరో నాకు తెలీదంటుంది.

“గుర్తులేకపోవడమేంటి!” అంది ఆమె. “కేసెట్లు పెట్టెల్లో సర్దుతూ ఒకటే ఈల వేసేవాడు. ఆ గోల మాన్పించలేక నా ప్రాణం పోయేది.”

అందరూ ఘొల్లుమన్నారు. “అవునవును, ఈల! నాకూ గుర్తే!” అన్నాడు బొమ్మలు గీసే బ్యారీ, బల్ల చరుస్తూ.

క్లైవ్ కూడా నవ్వాడు. అతనికి ఈల వేయడమే రాదు. ఎందుకు అబద్ధమాడింది? పిల్లి ఎలుకతో ఆడుకున్నట్టు ఆడుకుంటోందా? అతను తలెత్తినప్పుడల్లా ఆమె అతన్నే చూస్తోంది. కళ్లు కలవగానే చూపు తిప్పుకుంటోంది.

“వచ్చే ఏడాదికి మన కథలన్నీ పుస్తకం వేద్దాం” అన్నాడు ట్రెవర్. “ఎవరెవరు ఏం చేశారో, ఏ ఫొటోలో ఎవరున్నారో లినెట్ సరిచూస్తుంది. ఏమంటావు?”

“చూద్దాం” అందామె, క్లైవ్ వైపు చూస్తూ.

అతను ప్లేటు పక్కకి నెట్టేశాడు.

రెండు గంటలు గడిచాక ఆమె హఠాత్తుగా లేచి, అందరికీ చెయ్యూపి బయటికి నడిచింది. క్లైవ్ ఆగలేకపోయాడు. మెట్ల మలుపు దగ్గర అందుకున్నాడు.

“ఒక్క నిమిషమండీ.”

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

“వాళ్లకి చెప్పాలనుకుంటే ఇప్పుడే చెప్పేయండి” అన్నాడు. “ఏడాదంతా ఈ భయంతో బతకడం నావల్ల కాదు. దరఖాస్తు మీ చేతికే ఇచ్చాను. నాకు ఆ ఉద్యోగం రాలేదని మీకు తెలుసు. మరి ఆ ఈల కథ ఎందుకు చెప్పారు?”

కోటు తొడుక్కుంటున్న ఆమె చెయ్యి సగంలో ఆగిపోయింది.

“మీరక్కడ పనిచెయ్యలేదా?”

“లేదు.”

“ఒక్కరోజు కూడా?”

“ఒక్కరోజు కూడా.”

ఆమె మెట్టు మీద చతికిలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు.

“నేను గదిలోకి వచ్చినప్పట్నుంచీ మీరు నన్నే గుచ్చి గుచ్చి చూశారు” అంది చివరికి. “ఏదో ఒకటి అనకపోతే మీరే నోరు విప్పుతారని, నోటికొచ్చింది అనేశాను. ఈ రెండు గంటలూ మీకు భయపడి చచ్చాను.”

“నాకా? మీరు నాకు భయపడ్డమేంటి?”

పైన మళ్లీ నవ్వులు. ఎవరో లినెట్ పేరు చెప్పి గ్లాసులు తాకిస్తున్నారు. ఆమె తలెత్తి అటు చూసి, గొంతు తగ్గించింది.

“నేను లినెట్‌ని కాదు. లినెట్ మా అక్క.”