పరీక్షకు ముందు పథ్యం

"వద్దు! నా బిడ్డకు పెట్టకు!"

స్వప్న అరుపుకు ఉప్మా ప్లేటు అందిస్తున్న చెయ్యి ఆగిపోయింది.

మేడిపల్లి దగ్గర తెలంగాణ కోసం రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు. కోరుట్ల నుంచి జగిత్యాలకు బయలుదేరిన షేరింగ్ ఆటో అక్కడ నిలిచిపోయింది.

ప్లేటు పట్టుకున్నది ఉప్మా వండిన మనిషే. బక్కపలచగా ఉన్నాడు. అందరూ ఓదెలన్నా అని పిలుస్తున్నారు.

"జరంత తిననియ్ చెల్లె. పిల్ల ఆకలి మీదున్నట్టుంది."

"అది గోధుమ రవ్వ. దీనికి గోధుమలు పడయి. డాక్టరు చెప్పిండు."

నిజానికి డాక్టరు అంత మాట అనలేదు. ఏడేళ్ల మనీషాకు నెలల తరబడి విరేచనాలు ఆగక, చేతులు పుల్లల్లా అయిపోతే, "గోధుమలు పడటం లేదేమో, రక్త పరీక్ష చేయించు" అన్నాడు.

అంతే. ఆ పూట నుంచే చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్టు అన్నీ బంద్. డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు పథ్యం పట్టి పోవాలి గదా! బీడీల పని తెమలక కొన్నాళ్లు, సమ్మె వల్ల కొన్నాళ్లు పరీక్ష వెనక్కి జరిగింది. పథ్యం మాత్రం ఒక్క పూట తప్పలేదు. పిల్ల కూడా కాస్త తేరుకుంది.

"పరీక్ష అయ్యిందా?" అన్నాడు ఓదెలు.

"గియ్యాల్నే. రక్తం ఇచ్చేటందుకే పోతున్నం."

"గోధుమలు మానిపిచ్చి ఎన్నొద్దులైతంది?"

"రెండు నెలలు."

ఓదెలు ప్లేటు కింద పెట్టేసి ఆటో దగ్గరికి వచ్చాడు.

"వద్దు చెల్లె! తినకుంట పోతే పరీక్షల ఏం దొరకది. మంచిగనే ఉన్నదని రాసిస్తరు. మానిపిచ్చిన సంగతి మొదలు డాక్టరుకు చెప్పు. ఆయన ఎట్ల తినిపియ్యిమంటే గట్ల తినిపిచ్చి, గప్పుడు రక్తం ఇయ్యి."

స్వప్నకు ఒళ్లు మండింది.

"పడనిదాన్ని తినిపియ్యాల్నా? ఇప్పుడిప్పుడే నాలుగు ముద్దలు తింటాంది నా బిడ్డ. నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు. గని నా మాట ఇను..."

"పొద్దుగాల్నే కల్లు పడ్డదా ఏంది?"

ఆటోలో వాళ్లంతా నవ్వారు.

"తాగలే చెల్లె," అన్నాడు ఓదెలు చిన్నగా.

దారి వదిలారు. ఆటో కదిలింది. ఓదెలు కమ్మి పట్టుకుని పక్కనే పరుగెత్తాడు.

"మానిపిచ్చిన అని చెప్పు చెల్లె! గా ఒక్క మాట చెప్పు!"

"ఓదెలన్నా, ఉప్మా అడుగంటుతాంది!" రోడ్డు పక్కన వేసిన టెంటులోంచి అరుణ్ అనే యువకుడు కేకేశాడు. అప్పుడు గానీ ఓదెలు కమ్మి వదల్లేదు.

పిచ్చోడు అనుకుంది స్వప్న.

మూడో రోజు రిపోర్టు పట్టుకుని డాక్టరు ముందు నిలబడింది. బయట నలభై మంది ఉన్నారు. ఆయన కాగితం ఒక్కసారి చూశాడు.

"అంతా నార్మల్. భయం లేదమ్మా. ఇక అన్నీ తినిపించు."

మానిపించిన సంగతి నోటిదాకా వచ్చింది. కానీ మంచి మాట విన్నాక తిరిగి అడిగేదెవరు చెప్పండి! పైగా రోడ్డు మీద గరిట తిప్పేవాడి మాట పట్టుకుని అంత చదువుకున్నాయన్ని అడగడమా? చేతులెత్తి మొక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రమే చపాతీలు చేసింది. మనీషా రెండు నెలల కరువు తీరా తింది.

"ఇంకొకటి పెట్టవా అమ్మా?"

"ఎన్నన్న తిను బిడ్డా."

వారం తిరిగేసరికి పిల్ల మంచం మీద నుంచి లేవలేకపోయింది. నీళ్ల విరేచనాలు, వాంతులు. కరీంనగర్ ఆసుపత్రికి చేర్చేసరికి కళ్లు తెరవడం లేదు.

పాత రిపోర్టు చూసి అక్కడి డాక్టరమ్మ అడిగింది.

"ఈ పరీక్ష చేసేనాటికి పాప గోధుమలు తింటోందా?"

"లేదు మేడం. రెండు నెలలు పథ్యం పట్టిన. ఒక్క బిస్కెట్ గూడ ముట్టనియ్యలే."

డాక్టరమ్మ తల పట్టుకుంది.

"గోధుమలు తింటున్నప్పుడే రక్తంలో ఆ జబ్బు జాడ కనిపిస్తుందమ్మా, మానేస్తే దొరక్కపోవచ్చు. ఈ కాగితాన్ని నమ్మడానికి లేదు. ముందు పిల్ల గట్టెక్కాలి. బాగా కోలుకున్నాక, మేం చెప్పినట్టు కొన్నాళ్లు గోధుమలు తినిపించి మళ్లీ పరీక్ష చేయాలి. ఈ సంగతి నీకెవరూ చెప్పలేదా?"

ఎందుకు చెప్పలేదు? ఓదెలు ఆటో వెంట పరుగెత్తి మరీ చెప్పాడు.

పదో రోజుకు మనీషా గట్టెక్కింది. అప్పటికి సమ్మె ఆగింది, బస్సులు నడుస్తున్నాయి. తిరిగొస్తూ స్వప్న పిల్లను చంకనేసుకుని మేడిపల్లిలో దిగింది. అరుణ్ టెంటు కర్రలు విప్పుతున్నాడు.

"తమ్మీ, ఓదెలన్న ఏడి?"

"సమ్మె ఆగినంక భివండి పోయిండక్కా, మగ్గాల పనికి. ఇగ రాడట. ఏం పని వడ్డది?"

"కాళ్లు మొక్కాలె. ఎన్ని మాటలన్ననో! దీనికి మల్ల గోధుమలు తినిపియ్యాల్నట. నా చెయ్యి ఆడతలేదు. గాయన ఉంటే జర ధైర్యం చెప్తుండె." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయనకు గివన్ని ఎట్ల ఎరుక తమ్మీ? దవాఖానల పనిచేసిండా?"

"లేదక్కా," అన్నాడు అరుణ్. "ఆయనకొక్కతే బిడ్డ ఉండె. గిట్లనే పథ్యం పట్టిచ్చి పరీక్ష చేపిచ్చిండు, ఏం లేదన్నరు. పది దినాలకు పాణం పోయింది. సంబురంగ తొలి రొట్టె తుంచి దాని నోట్లె పెట్టింది గాయన చెయ్యేనక్కా."