కొండ దారిలోని రాయి

నేపాల్ కొండల్లో, చనిపోయిన తమవాళ్ల పేరున రాళ్ల మీద మంత్రాలు చెక్కించి దారి పక్కన గోడలా పేరుస్తారు. సెలవుల్లో ఆ కొండలెక్కిన కస్తూరి, ఎవరూ చూడకుండా ఒక రాయి తీసి సంచిలో వేసుకుంది. పట్నంలో చూలై పేటలోని ఇంటికి వచ్చాక, ఆ ఊరివాళ్లే ఇచ్చారని అత్తగారికి చెప్పింది.

చూపు ఆనని అత్తగారు దాన్ని నట్టింట్లో పీట మీద పెట్టి, రోజూ దీపాలవేళ చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు. ఆవిడ తడుముకుంటూ దానికి కుంకుమ పెట్టినప్పుడల్లా కస్తూరి తల తిప్పుకునేది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. వంటింటి గడప దగ్గర నిలబడ్డ కస్తూరికి అత్తగారి అడుగులు వినిపిస్తున్నాయి. వాటి వెనకే, తడి కాళ్లతో నడుస్తున్నట్టు, ఇంకెవరివో.

“ఏమే, నా వెనకాలే తిరగతా ఉండావు, చన్నీళ్లు పోసుకున్నావా? నీ చెయ్యి ఐసు మాదిరి ఉండాదే.”

“నేను ఈడ గడప కాడ ఉండాను, అత్తా.”

“సరి సరి, ముసిలిదాంతో ఆటలాడబాక. ఈ రాయి నీకిచ్చిన మహాతల్లి పేరేంది? ఆమెకీ ఒక దండం పెట్టుకుంటా.”

కస్తూరి పీట ఉన్న వైపు చీకట్లోకి చూసింది.

అత్తగారి అడుగులు సాగుతూనే ఉన్నాయి. వెనకవి మాత్రం ఆగాయి. అవి కూడా ఆ పేరు కోసమే ఆగాయని కస్తూరికి అర్థమైంది.