పని ఆగిన ఐదో రోజు

“జర మా ఆయనకు రేపు పనిల దిగుమని చెప్పు పెద్దమ్మా. నీ మాటైతే వింటడు,” అంది పార్వతమ్మ, పిల్లను చంక మార్చుకుంటూ.

కిష్టమ్మ స్టవ్ మంట తగ్గించింది. కోకాపేటలో కొత్త టవరు కోసం తవ్వుతున్న గోతికి ఎదురుగా ఆమె టీ బండి. బండ పేల్చాక వదులైన రాళ్లు దించకుండానే తమను గోతిలోకి పంపుతున్నారని కూలీలు పని ఆపి ఐదు రోజులైంది. వాళ్లకు ముందున్నది పార్వతమ్మ భర్త రాకేష్. రేపు దిగినవాళ్లకే బియ్యమని మేస్త్రి కబురు పంపాడట.

“దిగొద్దు,” అంది కిష్టమ్మ.

ఆమె భర్త తిరుపతి గురించి ఆ కూలీలందరికీ తెలుసు. టీ పోస్తూ ఆమే చెప్పేది. గోదావరి పక్కన బొగ్గు బాయిలో అతను పైకప్పును గడ్డపారతో తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందంటేనే తోటివాళ్లను రమ్మనేవాడు. షిఫ్టు ముగిసిన సైరన్ మోగగానే ఆమె నీళ్లు కాచేది. నల్లటి ముఖంలో పళ్లొక్కటే మెరుస్తుంటే నవ్వుకుంటూ వచ్చి, వీపు రుద్దమని కూర్చునేవాడు. యూనియన్ మీటింగు ఉంటే చెవుల్లో మసి కూడా కడుక్కోకుండా ఉరికేవాడు. బాయిలో పెద్ద సమ్మె జరిగిన ఏడాదే పైకప్పు కూలి చనిపోయాడు. ఆ చావు మీదే సమ్మె లేచిందని కూలీలు అనుకున్నారు. కిష్టమ్మ కాదనలేదు.

పార్వతమ్మ కళ్లు తుడుచుకుంది. “నీకేం ఎరుక పెద్దమ్మా? సమ్మె రాకముందే నీ మొగడు పాయె. ఆకలికి ఏడ్సే పిల్లను ఎత్తుకొని మొగని ముందల నిలబడితే తెలుస్తుండె.”

కిష్టమ్మ బండి కింద నుంచి బియ్యం సంచి లాగి ఆమె కాళ్ల దగ్గర పెట్టింది.

“ఇవి ఒడిసేదాంక రాకేష్ గోతిల కాలు పెట్టొద్దు. ఒడిస్తే మల్ల రా.”

“మరి నువ్వేం తింటవ్?”

“అమ్ముడుపోని బన్నులు ఎవలు తినాలె బిడ్డా?”

పార్వతమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సంచి ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగింది.

“ఆయన నా మొగడు. నీకెందుకు పెద్దమ్మా గింత పరేషాన్?”

కిష్టమ్మ మళ్లీ స్టవ్ మంట పెంచింది.

ఆ పెద్ద సమ్మె ఇరవయ్యో రోజున తిరుపతిని బతిమాలి బాయిలోకి పంపింది ఆమే.