ఆకుపచ్చ సిరా

ఏడుగురు రోగుల డైరీల్లో ఒకే చేతిరాత!

డాక్టర్ విష్ణుతేజ వాటిని పక్కపక్కన పరిచి మళ్లీ చూశాడు.

ప్రొద్దుటూరులోని ఒక ఆసుపత్రిలో కొత్త బీపీ మాత్రను నలభై మంది మీద పరీక్షిస్తున్నారు. మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉందో ఎవరి డైరీలో వాళ్లే రాయాలి.

ఏడింటిలోనూ ఆకుపచ్చ సిరాతో ఒకే మాట: ‘లేస్తే తల తిరుగుతాంది.’

అతను మందుల పరీక్షల్లో పీజీ శిక్షణ పొందుతున్న డాక్టరు. ఇక్కడికొచ్చి నాలుగు రోజులే. ఈ చదువులో మార్కులుండవు. ఒక్కో పనీ చేసి చూపిస్తేనే ప్రొఫెసర్ లాగ్‌బుక్కులో సంతకం పెడుతుంది. ఇంకా మిగిలింది ఒక్కటే: ‘రోగితో మాట్లాడి మందు కీడును పసిగట్టడం.’

ప్రొఫెసర్ కమల వచ్చేది రేపే.

రాసిందెవరో తేల్చుకుందామని, రోగులు కూర్చునే వరండాలోకి పరుగెత్తాడు. బెంచీ మీద ఒక ముసలాయన. చొక్కా జేబులో ఆకుపచ్చ పెన్ను.

“ఈ డైరీలు రాసింది నువ్వేనా?”

“నేనే సార్. రాసేది రాదు వాళ్లకు. చెప్తాంటే రాసిచ్చినా.”

“నేర్పించి చెప్పించావా? కంపెనీ నుంచి పరిహారం లాగుదామనా?”

ముసలాయన నవ్వాడు. “ఏందప్పా ఇది! తల తిరుగుతాందంటే పరిహారమా? ఫోన్ నంబర్లుండాయి గదా, ఒగరినన్నా అడిగి చూడు.”

“నాకు నేర్పకు. బయటికి నడు.”

“పోతాలే. ఇంగొక మాట సార్, నాకు...”

“నడవమన్నానా!”

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. కాసేపు అలాగే నిలబడి, మెల్లగా మెట్లు దిగాడు.

విష్ణుతేజ చెయ్యి ఫోన్ మీదికి వెళ్లి ఆగింది. ఏడుగురి మాటా నిజమైతే పరీక్ష ఆగుతుంది. రేపటి సంతకమూ ఆగుతుంది.

పెన్ను తీశాడు. ఏడు డైరీల్లోనూ ఆ మాట మీద గీత కొట్టాడు. పక్కన ‘నమ్మదగింది కాదు’ అని రాశాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“ఆసుపత్రేనా? జమ్మలమడుగు బస్టాండు నుంచి కండక్టర్ని మాట్లాడతాండా. బస్సు దిగబోతా ఒక పెద్దాయన తూలి పడినాడు సార్. తల పగిలింది. పానం పోయింది. జేబులో మీ కార్డుండాది. ఎనిమిదో నంబరని రాసుండాది.”

మర్నాడు కమల ముందు ఎనిమిదో డైరీ ఉంది. పేరు హబీబుల్లా. పేజీలన్నీ ఖాళీ. చివరి పేజీలో మాత్రం ఆకుపచ్చ సిరా:

‘ఏడు మందివి రాసిచ్చినా. నాకూ తిరుగుతాంది. నాది నోటితోనే డాక్టరుకు చెప్తా.’

కమల మిగతా డైరీలు తిరగేసింది.

“ఈ ఏడు గీతలు ఎవరు కొట్టారు?”

“నేనే మేడమ్.”

“ఎనిమిదో రోగిని ఒక్కసారైనా చూశావా?”

విష్ణుతేజ ఆమె ముందున్న తన లాగ్‌బుక్కును మూసేశాడు.

“చూశాను మేడమ్. నిజమేమోనన్న భయంతో ఒక్క ఫోనూ చెయ్యలేదు. ఆయన పరిహారం కోసం వచ్చిన బ్రోకరని నాకు నేనే చెప్పుకున్నాను. ‘నాకు’ అని ఆయన నోరు తెరిస్తే, ఆ మాట పూర్తి కాకముందే బయటికి గెంటింది నేనే.”